భ్రమరాంబ నికెల్ ఉంగరాలు

భ్రమరాంబ పనిచేసింది నేల కింద. మెల్‌బోర్న్‌లో ఒక విశ్వవిద్యాలయం, అందులో భౌతికశాస్త్ర భవనం, ఆ భవనానికి అడుగున కిటికీల్లేని హాలు. హాలు మధ్యలో మనిషి కన్నా ఎత్తుగా ఒక అయస్కాంతం. బయటికి పెద్ద స్టీలు డ్రమ్ములా కనిపిస్తుంది. దాని కడుపులో ద్రవ హీలియం, ఆ చల్లదనంలో మునిగి ఉన్న తీగచుట్ట. పగలనక రాత్రనక అది పనిచేస్తూనే ఉంటుంది. దాని దగ్గరికి తాళంచెవులతో వెళ్ళకూడదు, తలపిన్నులతో వెళ్ళకూడదు. అందుకే భ్రమరాంబ పిన్నీసులూ చేతి గడియారమూ ఏనాడో మానేసింది. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు కూడా చీర కొంగు జారకుండా చేత్తో పట్టుకునేది.

ఆమెది బాపట్ల. 2003లో పీహెచ్‌డీకి వచ్చి, అది అయ్యాక అదే హాల్లో పరిశోధకురాలిగా ఉండిపోయింది. ఆమె చదువంతా ఇనుప నానో రేణువుల మీద. తల వెంట్రుక మందంలో వేల రేణువులు వరసకట్టి నిలబడగలవు, అంత చిన్నవి. వాటిలో ప్రతి ఒక్కటీ ఒక బుల్లి అయస్కాంతం. పెద్ద అయస్కాంతం ముందు అవి ఎటు తిరుగుతాయో, ఎంతసేపు అలా ఉంటాయో కొలవడం ఆమె పని.

హాల్లో ఆమెతో పాటు ఉండే మనిషి గ్రేమ్. ఆ అయస్కాంతాన్ని చూసుకునే టెక్నీషియన్. బాలరాట్ వైపు మనిషి, భారీ శరీరం, ఒకప్పుడు ఎర్రగా ఉండి తరవాత నెరిసిన గడ్డం. ఆమె పేరు నోరు తిరగక మొదటి వారంలోనే 'బ్రామ్' అని కుదించేశాడు. వారానికోసారి ఇద్దరూ కలిసి అయస్కాంతంలోకి హీలియం నింపేవాళ్ళు. ఒకరు గొట్టం పట్టుకోవాలి, ఇంకొకరు మీటరు ముల్లు చూస్తూ ఆపమని చెప్పాలి. ఆమె నోట మొదట్లో తొందరలో 'చాలు' అని తెలుగే వచ్చేసేది. అతను ఆ మాట నేర్చుకున్నాడు. తరవాత ఎప్పుడూ ఆ పనికి ఇద్దరూ 'చాలు' అనే అనుకున్నారు. పని కాగానే హాలు బయట బల్ల మీద భోజనం. అతనిది వెజిమైట్ శాండ్‌విచ్, ఆమెది పులిహోరో పెరుగన్నమో. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అతను ఫుట్‌బాల్ గురించి రెండు ముక్కలు చెప్పేవాడు, ఆమె వినేది.

ఆమెకు పెళ్ళయింది. రామ్మోహన్ చెడ్డవాడు కాదు. ఇద్దరూ ఉద్యోగాల్లో పడి, సాయంత్రాలు ఒకే సోఫాలో రెండు ఫోన్లు చూసుకుంటూ కూర్చుని, ఒకరోజు అతను "మనం ఇలా ఎందుకుండటం?" అని అడిగేదాకా వచ్చారు. గొడవ లేకుండానే విడిపోయారు. అతను బ్రిస్బేన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కి మారి, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. దీపావళికి మెసేజ్ పెడతాడు. టార్నీట్‌లో కొన్న నాలుగు గదుల ఇల్లు ఆమెకు మిగిలింది. వీధినిండా తెలుగువాళ్ళే. సత్యనారాయణ వ్రతాలకీ, పిల్లల పుట్టినరోజులకీ పిలిచేవాళ్ళు. అక్కడ ఎవరో ఒకరు "మీ పిల్లలు ఏ స్కూల్ ఆంటీ?" అనేవాళ్ళు. లేరని చెప్పాక వాళ్ళకేం మాట్లాడాలో తోచేది కాదు. ఆమెకూ తోచేది కాదు. పోనుపోను పిలుపులు తగ్గాయి, ఆమె వెళ్ళడమూ తగ్గింది.

కాని ఒంటరిదాన్నని ఆమె అప్పట్లో అనుకోలేదు. పొద్దున్నే టార్నీట్‌లో రైలెక్కితే సాయంత్రం దాకా ఆ హాలు ఉంది, ఆ పని ఉంది.

2022 చలికాలంలో ఒక ఉదయం రైలు డీర్ పార్క్ దాటాక, నిలబడి ఉన్న భ్రమరాంబకు కళ్ళు చీకట్లు కమ్మాయి. పక్కనున్న కడ్డీని పట్టుకోబోయింది, చెయ్యి అందలేదు. తెలివి వచ్చేసరికి నేల మీద ఉంది. ఎవరిదో జాకెట్ తల కింద పెట్టి ఉంది. చుట్టూ బూట్లు. ఎవరో అమ్మాయి "స్టే విత్ మీ, స్టే విత్ మీ" అంటోంది. రైలు సన్‌షైన్ స్టేషన్‌లో ఆగి ఉంది, అంబులెన్స్ వచ్చింది. ఆ జాకెట్ ఎవరిదో ఆమెకు చివరిదాకా తెలియలేదు.

ఆస్పత్రిలో చెప్పారు, గుండె పై గదుల నుంచి కింది గదులకు వెళ్ళాల్సిన విద్యుత్ సంకేతం మధ్యలోనే ఆగిపోతోందని. పేస్‌మేకర్ పెట్టాలి. నర్సు వచ్చి, "ఎవరికి ఫోన్ చేయమంటారు?" అని అడిగింది.

"మా చెల్లెలు. సిడ్నీలో ఉంటుంది."

"ఇక్కడ దగ్గర్లో ఎవరైనా?"

భ్రమరాంబ ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసుకుంది. వీధిలోవాళ్ళ నంబర్లు ఉన్నాయి. పేర్లకు పక్కన 'కరివేపాకు ఆంటీ', 'కార్పెట్ క్లీనింగ్' అని రాసుకున్న నంబర్లు. చివరికి గ్రేమ్ నంబర్ ఇచ్చింది.

అతను ద్రాక్షపళ్ళ సంచీతో వచ్చి, మంచం పక్క కుర్చీలో ఇరుకుగా కూర్చున్నాడు. ఎడమ భుజం కింద కట్టు వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. పేస్‌మేకర్‌కీ కింద హాల్లో అయస్కాంతానికీ పొసగదని ఇద్దరికీ తెలుసు. ద్రాక్షలో సగం అతనే తిన్నాడు.

మర్నాడు డాక్టరు వివరంగా చెప్పింది. రైలెక్కొచ్చు, కారు కొన్నాళ్ళాగి నడపొచ్చు, మునుపటిలా అన్నీ చేసుకోవచ్చు. "మీ ఉద్యోగం ఏమిటి?" అని అప్పుడడిగింది. విన్నాక చేతిలో కాగితాలు పక్కన పెట్టి చెప్పింది. బలమైన అయస్కాంతం దగ్గరికి వెళితే ఈ యంత్రం గుండె మాట వినడం మానేసి తన పాటికి తాను కొట్టడం మొదలుపెడుతుంది. ఆ హాల్లోకి మాత్రం ఇక వెళ్ళకూడదు.

"దూరంగా నిలబడితే?"

"ఎంత దూరమో మీకు నాకంటే బాగా తెలుసు" అంది డాక్టరు.

నిజమే. అయస్కాంతం చుట్టూ నేల మీద ఎర్రగీత గీయించింది భ్రమరాంబే. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాటకూడదని గుండె బొమ్మతో ఉన్న బోర్డు తలుపుకు అంటించిందీ ఆమే. అప్పుడు స్టిక్కర్ వంకర పోయిందని పీకి మళ్ళీ అతికించింది కూడా.

తిరిగి పనికి వచ్చిన రోజు భద్రతా విభాగం వాళ్ళు ఆమె కార్డుకు కిందిహాలు తలుపు తెరుచుకోకుండా చేసి ఉంచారు. పరిశోధక బృందానికి పెద్ద అయిన హెలెన్ చాలా మర్యాదగా మాట్లాడింది. మూడో అంతస్తులో పాత మైక్రోస్కోపు గది ఖాళీగా ఉందనీ, అది తీసుకుని నచ్చిన పని మొదలుపెట్టమనీ చెప్పింది. ఆ గదికి కిటికీ ఉంది. కింద చెట్లూ, ట్రామ్ తీగలూ కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళు కిటికీ లేని చోట పనిచేసిన మనిషికి ఆ వెలుతురు మొదట్లో కళ్ళలో పొడిచినట్టుండేది. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కతే తినేది. గ్రేమ్ ఒకటి రెండుసార్లు పైకొచ్చాడు. ఆ చిన్నగదిలో ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు తలుపు దగ్గరే నిలబడి, "సెట్టిల్ అయ్యావా?" అని అడిగి వెళ్ళిపోయాడు. తరవాత రావడం తగ్గింది.

ఏం పని మొదలుపెట్టాలి? కొన్ని వారాలు ఆమె చదువుతూ గడిపింది. మల్టీఫెరాయిక్ పదార్థాల సంగతి ఆమెకు పూర్వం నుంచీ తెలుసు. వాటిలో విద్యుత్ గుణం, అయస్కాంత గుణం జంటగా ఉంటాయి. ఒకదాన్ని తాకితే రెండోది కదులుతుంది. అంటే అయస్కాంతాన్ని దగ్గరికి తేకుండా, కాస్త వోల్టేజీ ఇచ్చి అయస్కాంత గుణాన్ని తిప్పవచ్చు. ఇన్నాళ్ళూ అది పక్కవాళ్ళ పని అనుకుంది. ఇప్పుడు తనకు ఇదొక్కటే దారి.

దారి లేక పట్టుకున్నదే అయినా, లోతుకు వెళ్ళేకొద్దీ దానికి వేరే బలం ఉందని అర్థమైంది. పెద్ద అయస్కాంతం చేసేది దండోరా వెయ్యడం లాంటిది. ఊరందరూ వింటారు, అందరూ ఒకేవైపు తిరుగుతారు. ఒక్క రేణువును మాత్రం పిలిచి, పక్కదాన్ని ఉన్నచోటే ఉంచాలంటే అయస్కాంతంతో కాదు. వోల్టేజీని మాత్రం కావలసిన చోట, అంత చిన్న చోటనే పెట్టవచ్చు. ఒక్కదాని చెవిలో చెప్పినట్టు. అది కుదిరితే రక్తపు బొట్టులోంచి జబ్బు కణాలను ఒకటొకటిగా ఏరవచ్చని కొందరు రాస్తున్నారు. అంత దూరం ఆమె ఆలోచించలేదు. ఒక్క రేణువును కదిపితే చాలనుకుంది.

పద్ధతి చెప్పడానికి తేలిక. గోరంత స్ఫటికపు పలక తీసుకోవాలి. దానికి ఎక్కడ వోల్టేజీ ఇస్తే అక్కడ మాత్రం కంటికి తెలియనంత సాగుతుంది. పలక మీద నికెల్‌తో బుల్లి ఉంగరాలు అచ్చువేయాలి. పలక సాగితే ఉంగరమూ లాగబడుతుంది, దానిలో ధ్రువాల్లాంటి అయస్కాంతపు కొనలు ఉన్నచోటి నుంచి పక్కకు జరుగుతాయి. ఉంగరం మీద నీటిబొట్టు వేసి, అందులో మెరిసే రంగు పూసిన రేణువులు వదిలితే, అవి ఆ కొనల దగ్గర అతుక్కుంటాయి. కొన జరిగితే రేణువూ దాని వెంట జరగాలి. మైక్రోస్కోపులో ఆకుపచ్చ చుక్కలా కనపడాలి.

ఒక్క చిక్కు. ఉంగరాలకు మొట్టమొదట ఒకసారి అయస్కాంతపు తాకిడి ఇచ్చి, కొనలు ఎక్కడుండాలో నేర్పాలి. ఆ పరికరం కిందే ఉంది. చిన్నదే, బల్ల మీద పట్టేది, కాని దాని దగ్గరికి కూడా ఆమె వెళ్ళకూడదు. అందుకని పలకలు తయారుచేసి, దూది పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, హాలు తలుపు బయట నిలబడి గ్రేమ్‌కు ఫోన్ చేసేది.

అతను తలుపు సగం తెరిచి డబ్బా తీసుకునేవాడు.

"ఎటువైపు పెట్టాలి బ్రామ్?"

"మూలన గీత గీశాను చూడు. ఆ గీత పైకి ఉండాలి."

"నో వరీస్. లంచ్ తరవాత ఇస్తాను."

తలుపు మూసుకునేది. లోపలి నుంచి అయస్కాంతాన్ని చల్లగా ఉంచే కంప్రెసర్ టకటక వినిపించేది. ఆమె ఆ శబ్దం విని, అది ఇవాళ కాస్త వేగంగా కొడుతోందనీ, నీటి ఫిల్టర్ మార్చాలనీ అనుకునేది. చెప్పాలని ఒకసారి నోటిదాకా వచ్చింది. అది ఇప్పుడు తన పని కాదుకదా అని ఊరుకుంది. రెండు రోజుల తరవాత ఫిల్టర్ మార్చారని ఎవరో అంటుంటే వింది.

పని సాగలేదు. రేణువులు పలకకే అంటుకుపోయేవి. వోల్టేజీ ఎంత ఇచ్చినా కదిలేవి కావు. ఇంకొంచెం పెంచితే పలక టిక్కుమని బీటవేసేది. పలక తయారీకి వారం పట్టేది, పగలడానికి రెప్పపాటు.

మరుసటి సంవత్సరం ఆఖరున గ్రేమ్ రిటైరయ్యాడు. భార్య వాళ్ళది టాస్మేనియాలో బర్నీ, అక్కడికి వెళ్ళిపోతున్నాడు. భవనం వెనక గడ్డి మీద బార్బెక్యూ విందు పెట్టారు. అందరూ పేపరు ప్లేట్లతో నిలబడ్డారు. భ్రమరాంబకు కూరగాయల బర్గర్ విడిగా కాల్చి తెచ్చింది అతనే. అప్పుడే పలకల డబ్బా కూడా ఇచ్చాడు.

"నువ్విచ్చినవన్నీ చేసేశాను. ఇంకా ఉంటే ఇవాళే ఇవ్వు. రేపట్నుంచి మాగ్నెట్ ఆపేస్తున్నారు."

ఆమెకు ఆ సంగతి తెలియదు. "ఆపేయడమేంటి?"

"హీలియం కొనలేరట. నేను పోతే నేర్చుకునేవాళ్ళూ లేరు. చిన్నదాన్ని కూడా ఇంకో క్యాంపస్‌కి తీసుకుపోతారు. నీకెవరూ చెప్పలేదా?"

"లేదు."

గ్రేమ్ గడ్డం గోక్కున్నాడు. "నేను చెప్పుండాల్సింది. ఎలా చెప్పాలో తెలియలేదు" అన్నాడు. తరవాత ఎవరో పిలిస్తే అటు వెళ్ళాడు.

కొన్ని వారాలకు హీలియమంతా పోయి, అయస్కాంతం పూర్తిగా వేడెక్కి, దాని బలం పోయింది. ఇప్పుడు ఎవరైనా వెళ్ళొచ్చని ఈమెయిలు వచ్చింది. భ్రమరాంబ మధ్యాహ్నం కిందికి దిగింది. తలుపు బార్లా తెరిచి ఉంది. కంప్రెసర్ ఆగిపోవడంతో ఆ హాల్లో అంత నిశ్శబ్దం ఉందని మొదటిసారి తెలిసింది. ఎర్రగీత దగ్గర కాసేపు ఆగింది. ఆగనవసరం లేదు, అయినా కాళ్ళు ఆగాయి. దాటి వెళ్ళి స్టీలు ఒంటి మీద చెయ్యి వేసింది. గోడలా ఉంది. చేతికి తగిలేది స్టీలే, ఇంకేమీ కాదు. పక్కన బల్ల మీద ఎవరిదో కాఫీ కప్పు ఎండిపోయి ఉంది. ఆమె కప్పు తీసి కడిగి, బోర్లించి పైకి వచ్చేసింది.

ఆ తరవాతి ఏడాది డబ్బాలో ఉన్న పలకలతోనే గడిచింది. అవి అయిపోతే కొత్తవాటి కోసం ఇంకో క్యాంపస్‌వాళ్ళను బతిమాలుకోవాలి. అందుకని ఒక్కో పలక మీద ప్రయోగానికి ముందు రోజుల తరబడి ఆలోచించేది. ఎవరితోనూ మాట్లాడకుండా వారాలు గడిచేవి. రైల్లో "ఎక్స్‌క్యూజ్ మీ", కాఫీ కొట్లో "థాంక్యూ", అంతే. ఒక శుక్రవారం చెల్లెలు శ్రీదేవి ఫోన్ చేస్తే, హలో అనబోయిన భ్రమరాంబ గొంతు పెగల్లేదు. దగ్గి సరిచేసుకోవాల్సి వచ్చింది.

"జలుబా అక్కా?"

"కాదే. మాట్లాడక."

శ్రీదేవిది సిడ్నీలో పెండిల్ హిల్. మొగుడూ, కూతురు సాహిత్యా, ఇంటి నిండా సందడి. "నువ్వొక్కదానివే అంతింట్లో ఎందుకే? ఇక్కడికొచ్చెయ్. మా వెనక వీధిలో యూనిట్ ఒకటి రెంట్‌కుంది. పొద్దున నీకు కాఫీ నేనే పోసిస్తా."

"ఇక్కడ పనుంది కదా."

"ఏం పనే? రెండేళ్ళ నుంచి చూస్తన్నా, ఆ ఉంగరాలు ఉంగరాలంటావు, ఒక్కటీ కదల్లేదంటావు. సాహీ, పెద్దమ్మతో మాట్లాడు."

"హాయ్ పెద్దమ్మ. హౌ ఆర్ యూ? ఐ హావ్ ట్రైనింగ్, గాట్టా గో."

ఫోన్ పెట్టేశాక భ్రమరాంబ చాలాసేపు వంటింట్లోనే నిలబడింది. వెళ్ళిపోవచ్చు. పొద్దున కాఫీ ఎవరో పోసిస్తారు. కాని అక్కడికెళితే తను సాహిత్య పెద్దమ్మ అవుతుంది, శ్రీదేవి అక్క అవుతుంది. ఇక్కడ ఏమీ కాకపోయినా ఒక పని మధ్యలో ఉన్న మనిషి.

రేణువులు అంటుకుపోవడానికి కారణం పలక మీది పైపొరేనని చివరికి తేల్చుకుంది. పలక మీద పలచగా వేరే పూత వేసింది. నీళ్ళలో సబ్బులాంటి మందు ఒక చుక్క కలిపింది. మోతాదు తక్కువైతే అంటుకుంటున్నాయి, ఎక్కువైతే ఉంగరాన్నే పట్టుకోవడం లేదు. మధ్యలో ఎక్కడో ఉంది. దాన్ని వెతకడంలో ఇంకో రెండు పలకలు పోయాయి.

నవంబరులో మెల్‌బోర్న్ కప్ రోజు వచ్చింది. గుర్రప్పందేనికి ఊరంతా సెలవు. రైల్లో పూలటోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు, సూట్లలో మగపిల్లలు, నవ్వులు, సెంటు వాసన. భ్రమరాంబ కిటికీ పక్కన కూర్చుని వాళ్ళ మధ్య నుంచే పనికి వెళ్ళింది. ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు. భవనంలో ఎవరూ లేరు. కారిడార్‌లో లైట్లు ఆమె నడుస్తుంటే వెలిగి, వెనక ఆరిపోతున్నాయి.

గదిలో తెర దించి చీకటి చేసింది. పలక అమర్చి, బొట్టు వేసి, మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించింది. ఉంగరం అంచున ఆకుపచ్చ చుక్క ఒకటి పట్టుకుని ఉంది. వోల్టేజీ మీట మెల్లగా తిప్పింది. చుక్క అలాగే ఉంది. ఇంకొంచెం తిప్పింది. పలక పగులుతుందేమోనని ఊపిరి బిగబట్టింది.

"కదులు తల్లీ" అంది పైకే. "కదులు, నీకు పుణ్యముంటుంది. ఒక్కసారి కదులు."

చుక్క వణికింది. ఉంగరం అంచు వెంట జారింది. పావువంతు చుట్టు వెళ్ళి ఆగింది. ఆమె మీట వెనక్కి తిప్పింది. చుక్క వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు తిప్పింది. మళ్ళీ వెళ్ళింది. పక్క ఉంగరం మీదున్న ఇంకో చుక్క ఉన్నచోటే ఉంది, ఈ సంగతి తనకేమీ పట్టనట్టు.

"మీరు తెలుగోళ్ళా మేడమ్?"

భ్రమరాంబ ఉలిక్కిపడి తిరిగింది. తలుపు దగ్గర సెక్యూరిటీ దుస్తుల్లో, నడుముకు తాళాల గుత్తితో ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. ఆమెను చాలాసార్లు చూసింది. కింద గేటు దగ్గర తల ఊపుకునేవాళ్ళు. బ్యాడ్జి మీద 'లీల' అని ఉంటే ఏ శ్రీలంకావిడో ఫిజీ ఆవిడో అనుకుంది.

"అవునండీ. మాది బాపట్ల. మీరు?"

"జగిత్యాల. రెండేండ్లాయె మిమ్మల్ని చూడవట్టి. ఎన్నడు అడగలే. ఈ పొద్దు హాలిడే గదా, తలుపు సందుల నుంచి మాట ఇనవడ్డది. ఎవరితోనో మాట్లాడుతున్నరనుకున్న." లీల గదంతా చూసింది. "ఎవ్వరు లేరేంది?"

"లేరు" అంది భ్రమరాంబ. నవ్వు వచ్చింది, దాంతో పాటు ఏడుపూ వచ్చేట్టు ఉంది. "మీరొకసారి ఇందులో చూస్తారా? ఒక్క నిమిషం."

లీల మొహమాటపడింది. తరవాత టోపీ తీసి బల్ల మీద పెట్టి వంగింది. "నాకేం కనిపిస్తలేదు మేడమ్. అంత నల్లగుంది." కళ్ళజోడు తీసి మళ్ళీ వంగింది. భ్రమరాంబ గొట్టం కొంచెం సవరించింది.

"ఆ, కనిపిస్తుంది. పచ్చగ, మిణుగురు లెక్క."

"దాన్నే చూస్తుండండి."

మీట తిప్పింది.

"నడుస్తుంది!" అంది లీల. "నడిచి ఆగింది. ఏందది, పురుగా?"

"కాదు, ఇనుప రేణువు. చాలా చాలా చిన్నది. అయస్కాంతం లేకుండా కరెంటుతో దాన్ని నడిపిస్తున్నాను. రెండేళ్ళ నుంచి కదలలేదు. ఇవాళే మొదలు."

లీల తల ఎత్తి ఆమె మొహం చూసింది. "మరి ఇంటికాడ చెప్పిన్రా?"

"ఇంకా లేదు. మీకే మొదట."

లీల కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంకొక్కసారి నడిపియ్యుండ్రి" అంది. భ్రమరాంబ నడిపించింది. దూరంగా ఎక్కడో ఏదో పబ్బులోంచి గోల వినిపించింది, పందెం అయిపోయినట్టుంది. లీల సంచీలోంచి సర్వపిండి ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ గదిలో తిండి తినకూడదని బోర్డు ఉంది. కారిడార్‌లోకి వెళ్ళి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని తిన్నారు. లీల కొడుకు పెర్త్ అవతల గనుల్లో పనిచేస్తాడట. మూడు వారాలు గనిలో, ఒక వారం ఇంట్లో, ఆ ఒక వారమూ నిద్రే. కొడుకు రమ్మంటేనే వచ్చింది, ఇప్పుడు కొడుకు అక్కడ, తానిక్కడ. "డ్యూటీ ఉంటెనే మంచిగుంటది మేడమ్, నాలుగు తలుపులన్న చూసొస్త" అంది.

ఆ సాయంత్రం భ్రమరాంబ ప్రయోగం వీడియో గ్రేమ్‌కు పంపింది. మర్నాడు జవాబు వచ్చింది. 'గుడ్ ఆన్ యా, బ్రామ్.' కింద పడవలో అతను పట్టిన పెద్ద చేప ఫొటో. ఆమె ఆ ఫొటోను చాలాసార్లు తెరిచి చూసింది. గడ్డం ఇంకా పెరిగింది. శ్రీదేవి ఫోన్‌లోనే గట్టిగా కేక పెట్టి, వెంటనే "అయితే ఇంకొచ్చేస్తావా మరి?" అని అడిగింది. భ్రమరాంబ రానంది. ఈసారి చెల్లెలు వాదించలేదు.

వ్యాసం అచ్చయింది. హెలెన్ కేకు తెప్పించింది. వైద్య విభాగం వాళ్ళొచ్చి మాట్లాడి వెళ్ళారు, ఇంకో రెండేళ్ళకు పని దొరికింది. ఉంగరాలకు తాకిడి ఇవ్వడానికి ఇప్పుడు ఇంకో క్యాంపస్‌కి పలకలు కొరియర్లో వెళ్ళి వస్తున్నాయి. డబ్బా ఎవరి చేతిలో పడుతుందో ఆమెకు తెలియదు. మూలన గీత మాత్రం గీసి పంపుతుంది.

లీలను రెండు నెలలకే వెరిబీలో ఒక గోడౌన్‌కి మార్చారు. కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. వెళ్ళేముందు నంబరిచ్చి వెళ్ళింది. ఒక ఆదివారం టార్నీట్‌కి భోజనానికి వచ్చింది. గోంగూర పచ్చడి బాగుందని రెండుసార్లు వేయించుకుంది. గిన్నెలు కడగొద్దన్నా కడిగింది. ఆమెకు వారం మారితే షిఫ్టు మారుతుంది. ఆ తరవాత ఇద్దరికీ ఆదివారం కుదరలేదు.

మూడో అంతస్తు గదిలో పని ఇంకా నడుస్తోంది. ఇప్పటి ప్రయత్నం ఒక ఉంగరం నుంచి పక్క ఉంగరానికి రేణువును దాటించడం. మొన్న ఒక బుధవారం అది జరిగింది. చుక్క ఈ అంచున ఒక్క క్షణం తటపటాయించి, ఆ అంచును అందుకుంది. భవనం నిండా మనుషులున్న రోజు. కారిడార్‌లో విద్యార్థుల నవ్వులు వినిపిస్తున్నాయి. భ్రమరాంబ ఎవరినీ పిలవలేదు. నాలుగైదుసార్లు దాటించి చూసుకుంది, వివరాలు రాసుకుంది, డబ్బా విప్పి పెరుగన్నం తింది. తరవాత లీలకు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

నాలుగు గంటలకు లీలే చేసింది. వెనక ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడు.

"మేడమ్, ఫోన్ చేసిన్రు? డ్యూటీల ఉంటి. పానం మంచిదేనా?"

"బాగానే ఉన్నాను. ఏం లేదు, ఇవాళ అది పక్క ఉంగరం మీదికి దాటింది."

"దాటిందా? మంచిగాయె" అంది లీల. "ఈడ మా సూపర్‌వైజర్ కొత్తాయన వచ్చిండు మేడమ్, పొద్దటి నుంచి బుర్ర తింటుండు" అని మొదలుపెట్టింది. భ్రమరాంబ తెర పైకి లాగి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని వింటూ కూర్చుంది.